కండరం కోరేది కాలం!
పక్షం రోజుల సాధనతో దమ్ము రాదు... పన్నెండు వారాల ఓర్పు కావాలి
శక్తి రహస్యాన్ని వెలికితీసినవారిలో తెలుగువాడు యల్లాప్రగడ

విజయవాడ: తెల్లవారకముందే విజయవాడ మైదానాల్లోనూ, బందరు కాలువ, ఏలూరు కాలువ గట్లపైనా, గుడివాడ, పామర్రు, అవనిగడ్డ ప్రాంతాల పుంత దారుల్లోనూ పరుగులు తీసే యువతీ యువకులు కనిపిస్తారు. పోలీసు నియామక ప్రకటన వెలువడిందంటే వీరి సందడి ఒక్కసారిగా పెరుగుతుంది. పుస్తకాలతో నెలల తరబడి కుస్తీపట్టినవారిలో చాలామంది పరుగును మాత్రం చివరి పక్షం రోజులకు వదిలేస్తారు. తేదీ దగ్గర పడ్డాక ఉదయం, సాయంత్రం ఒళ్లు హూనం చేసుకుంటారు. తీరా పరీక్షనాడు మూడో చుట్టులోనే కాళ్లు బిగుసుకుపోయి, ఊపిరి అందక ఆగిపోతారు.

రాష్ట్రంలో 2022 నాటి కానిస్టేబుల్ ప్రకటన ప్రకారం పురుష అభ్యర్థులు 1600 మీటర్ల దూరాన్ని 8 నిమిషాల్లో, మహిళలు 10 నిమిషాల 30 సెకన్లలో పూర్తిచేయవలసి ఉంది. దీనికి తోడు 100 మీటర్ల పరుగు, లాంగ్‌జంప్‌లలో ఒకదానిలోనైనా అర్హత సాధించాలి. సైన్యంలో అగ్నివీర్ ఎంపికలు 2022లో మొదలైనప్పుడు 1.6 కిలోమీటర్ల పరుగులో పూర్తి మార్కులు రావాలంటే 5 నిమిషాల 30 సెకన్లలోపు ముగించవలసి వచ్చింది. ఎన్టీఆర్, కృష్ణా జిల్లాల్లో ఎన్నో కూలి, కౌలు కుటుంబాల ఆశలు ఈ నాలుగు చుట్ల మీదే ఆధారపడి ఉంటాయి.

పట్టుదల ఉన్నా పరుగు ఎందుకు రాదు? దీనికి సమాధానం గుండెలో, ఊపిరితిత్తుల్లో కొంత ఉంటే, కాలి కండరం లోపల మరింత ఉంది. కండరం తాను శక్తిని తయారుచేసుకునే విధానాన్ని మార్చుకోగలదు. ఆ మార్పుకు దానికంటూ ఒక పంచాంగం ఉంది. అభ్యర్థి తొందరపడినంత మాత్రాన అది తిథులు మార్చుకోదు.

భీమవరం బిడ్డ చూపిన బాట

కండరం దేనితో పనిచేస్తుందన్న ప్రశ్నకు జవాబు చెప్పినవారిలో మనకు పొరుగునే ఉన్న భీమవరంలో 1895 జనవరి 12న జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు ప్రముఖులు. మద్రాసు వైద్య కళాశాలలో చదివి అమెరికా వెళ్లిన ఆయన హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి పరిశోధనలు చేశారు. రక్తంలో, కణజాలంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని వీరిద్దరూ 1925లో ప్రకటించారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతిగా అది నేటికీ జీవరసాయన శాస్త్ర విద్యార్థులకు సుపరిచితం.

ఆ కొలమానమే వారికి కొత్త ద్వారం తెరిచింది. 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం ఉన్నదని, కండరం పనిచేసేటప్పుడు అది తరిగి, విశ్రాంతిలో మళ్లీ నిండుతుందని వారు వెల్లడించారు. అదే కాలంలో ఇంగ్లండులో ఎగ్లెటన్ దంపతులు కూడా విడిగా ఈ పదార్థం జాడ పట్టారు. 1929లో ఫిస్క్, సుబ్బారావు కండరం నుంచి అడినోసిన్ ట్రైఫాస్ఫేట్‌ను, అంటే ఏటీపీని వేరుచేశారు. జర్మనీలో కార్ల్ లోమన్ సైతం అదే ఏడాది స్వతంత్రంగా దానిని కనుగొన్నారు. కండర సంకోచానికి లాక్టిక్ ఆమ్లమే మూలమని అప్పటివరకు శాస్త్రలోకం భావించేది. ఆ అభిప్రాయం మారడానికి ఈ పరిశోధనలు తోడ్పడ్డాయి. 1948లో న్యూయార్క్‌లో కన్నుమూసిన సుబ్బారావు పేరు వినగానే మనకు మందులు గుర్తుకొస్తాయి. కాలువ గట్టుపై పరుగెత్తే ప్రతి యువకుడి కాలిలో జరిగే పని వెనుకా ఆయన పరిశోధన ఉన్నదన్న సంగతి తెలిసినవారు తక్కువ.

చేబదులు, గాదె, ప్రాణవాయువు

కండరంలోని ప్రతి కదలికకూ ఖర్చయ్యే నాణెం ఏటీపీ ఒక్కటే. చిత్రమేమంటే, కండరం దీనిని నిల్వ చేసుకోదు. ఉన్నది రెండు మూడు సెకన్ల పరుగుకు సరిపోయేంత మాత్రమే. అందువల్ల ఖర్చయిన ఏటీపీని వెంటవెంటనే తిరిగి తయారు చేసుకోవాలి. అందుకు మూడు దారులున్నాయి.

మొదటిది ఫాస్ఫోక్రియాటిన్. ఇది చేబదులు వంటిది. అడిగిన మరుక్షణం అందుతుంది, కానీ పూర్తి వేగంతో పరుగెత్తితే పది సెకన్లకే అడుగంటుతుంది. మళ్లీ నిండటానికి మూడు నుంచి ఐదు నిమిషాల విశ్రాంతి కావాలి. లాంగ్‌జంప్, వంద మీటర్ల పరుగు తొలి భాగం దీనిపై నడుస్తాయి.

రెండోది గ్లైకోజెన్. మనం తిన్న అన్నంలోని పిండిపదార్థం గ్లూకోజ్‌గా మారి, కండరాల్లోని గాదెల్లో గ్లైకోజెన్‌గా నిల్వ ఉంటుంది. సాధారణ వ్యక్తి కండరాలన్నింటిలో కలిపి ఇది 300 నుంచి 500 గ్రాముల వరకు ఉంటుంది. కాలేయంలో మరో 100 గ్రాముల మేరకు ఉంటుంది. అత్యవసరంలో కండరం ఈ గ్లూకోజ్‌ను ప్రాణవాయువు లేకుండానే విరగ్గొట్టి వేగంగా శక్తిని రాబడుతుంది. అయితే ఒక్కో గ్లూకోజ్ అణువుకు గిట్టేది రెండు ఏటీపీలే. ఈ క్రమంలో లాక్టేట్ పోగుపడుతుంది, కండరంలో ఆమ్లత పెరుగుతుంది, కాళ్లు బరువెక్కుతాయి.

మూడోది ప్రాణవాయువుతో దహనం. కణాల్లోని మైటోకాండ్రియా అనే సూక్ష్మ కొలుముల్లో గ్లూకోజ్, కొవ్వు పూర్తిగా మండుతాయి. ఒక గ్లూకోజ్ అణువు నుంచి ఇక్కడ సుమారు 30 ఏటీపీలు లభిస్తాయి. కొవ్వు నిల్వలైతే బక్కపలుచని మనిషిలోనూ రోజుల తరబడి నడకకు సరిపోయేంత ఉంటాయి. ఈ దారి వేగంగా అందుకోదు. అందుకున్నాక మాత్రం గంటల తరబడి ఆగదు.

నాలుగు చుట్ల లెక్క

1600 మీటర్లను 8 నిమిషాల్లో ముగించాలంటే 400 మీటర్ల ట్రాక్‌పై చుట్టుకు 2 నిమిషాలు. ఇంతసేపు సాగే పరుగులో ఖర్చయ్యే శక్తిలో ఐదింట నాలుగు వంతులకు పైగా ప్రాణవాయువుతో జరిగే దహనం నుంచే వస్తుంది. ‘ఇది చిన్న దూరమే, ఊపు మీద లాగేయవచ్చు’ అనుకునేవారు పొరబడేది ఇక్కడే.

ఈల మోగగానే పందెం కోడిలా దూకి, మొదటి చుట్టును నిమిషంన్నరలో ముగించే అభ్యర్థిని తీసుకుందాం. ప్రాణవాయువు దారి ఇంకా అందుకోలేదు. చేబదులు పది సెకన్లకే అయిపోయింది. మిగిలిన భారమంతా గ్లైకోజెన్‌ను అరకొరగా విరగ్గొట్టే రెండో దారిపై పడింది. రెండో చుట్టు ముగిసేసరికి కండరంలో ఆమ్లత పెరిగి సంకోచ శక్తి తగ్గింది. చివరి రెండు చుట్లలో అతడు కోల్పోయే సమయం, మొదటి చుట్టులో మిగుల్చుకున్న అర నిమిషం కంటే ఎక్కువే ఉంటుంది. అదే దేహం, అదే శిక్షణతో చుట్టుకు 2 నిమిషాలకు రెండు మూడు సెకన్లు తక్కువగా, ఒకే వేగంతో పరుగెత్తి ఉంటే గట్టెక్కేవాడు.

వేగాన్ని పంచుకోవడం ఒక రోజులో నేర్చుకోవచ్చు. మూడో దారిని వెడల్పు చేసుకోవడానికి మాత్రం నెలలు కావాలి.

కొలుములు రెట్టింపు

సాధనతో కండరం లోపలే మార్పు వస్తుందని స్పష్టంగా చూపినవారు అమెరికాలోని సెయింట్ లూయిస్‌కు చెందిన జాన్ హాలోజీ. 1967లో ప్రచురించిన ప్రయోగంలో ఆయన ఎలుకలను 12 వారాల పాటు, క్రమంగా వేగం, సమయం పెంచుతూ ట్రెడ్‌మిల్‌పై పరుగెత్తించారు. శిక్షణ లేని ఎలుకలు అరగంటకే అలసిపోగా, శిక్షణ పొందినవి మూడు గంటలు పరుగెత్తాయి. వాటి కాలి కండరాలను పరీక్షిస్తే ప్రాణవాయువుతో ఇంధనాన్ని మండించే ఎంజైముల సామర్థ్యం దాదాపు రెట్టింపయింది. ఎలుక కండ పెద్దది కాలేదు. దానిలోని కొలుముల సంఖ్య, సత్తా పెరిగాయి.

తర్వాతి దశాబ్దాల్లో మనుషుల కండరం నుంచి సూదితో చిన్న ముక్క తీసి పరీక్షించిన శాస్త్రవేత్తలు ఇదే మార్పును గమనించారు. పరుగు సమయంలో కండరంలో ఏటీపీ ఖర్చు పెరిగినట్లు, కాల్షియం కదిలినట్లు కణం గుర్తిస్తుంది. ఆ సంకేతాలు కణ కేంద్రకానికి చేరి పీజీసీ-1 ఆల్ఫా అనే ప్రోటీన్ ద్వారా కొత్త మైటోకాండ్రియా నిర్మాణానికి ఉత్తర్వులు జారీ చేయిస్తాయి. ఒక్క పరుగు ఇచ్చే సంకేతం కొన్ని గంటల నుంచి రోజు వరకు నిలిచి అణగిపోతుంది. అందుకే ఆదివారం ఒక్కరోజే పది కిలోమీటర్లు పరుగెత్తడం కంటే, వారంలో ఐదు రోజులు కొద్దికొద్దిగా పరుగెత్తడం మేలు. ఒక దాని మీద ఒకటి ఇటుక పేర్చినట్లు మార్పు నిలబడేది అప్పుడే.

కొలుములు పెరిగితే సరిపోదు, వాటికి ప్రాణవాయువు అందాలి. డెల్టా రైతుకు ఇది చెప్పనవసరం లేదు. ప్రకాశం బ్యారేజీ వద్ద ఎంత నీరు వదిలినా, పొలం పక్కన బోదెలు లేకపోతే శివారు భూమి తడవదు. గుండె బ్యారేజీ అయితే, కండర తంతువుల చుట్టూ అల్లుకున్న కేశనాళికలు బోదెలు. క్రమం తప్పని పరుగుతో ఒక్కో తంతువు చుట్టూ కొత్త కేశనాళికలు పుడతాయి. రక్తం కండరంలో నెమ్మదిగా పారి, ప్రాణవాయువు దిగే వ్యవధి పెరుగుతుంది.

మూడో మార్పు ఇంధనం ఎంపికలో. శిక్షణకు ముందు ఒక వేగంతో పరుగెత్తితే గ్లైకోజెన్ ఎక్కువగా కరిగేది. కొన్ని వారాల తర్వాత అదే వేగానికి కండరం కొవ్వును ఎక్కువగా వాడుతుంది, గాదెలోని గ్లైకోజెన్‌ను పొదుపు చేస్తుంది. అంతేకాక గాదె కూడా పెద్దదవుతుంది. ఆఖరి చుట్టులో వేగం పెంచడానికి మిగిలి ఉండేది ఈ పొదుపే.

లాక్టేట్ పట్ల అభిప్రాయం కూడా మారింది. దీనిని విషమని, మరునాటి ఒళ్లు నొప్పులకు ఇదే కారణమని కొందరు శిక్షకులు ఇప్పటికీ చెబుతుంటారు. పరుగు ఆపిన గంట, గంటన్నరకే లాక్టేట్ మామూలు స్థాయికి చేరుతుంది. మరునాటి నొప్పికి కారణం తంతువుల్లో కలిగిన సూక్ష్మమైన చిరుగులు, వాపు. పైగా లాక్టేట్ స్వయంగా ఇంధనం. ఒక తంతువు విడిచిన దానిని పక్క తంతువు, గుండె కండరం వాడుకుంటాయి. శిక్షణ పొందిన కండరం లాక్టేట్‌ను తక్కువగా పోగేస్తుంది, ఎక్కువగా వాడుకుంటుంది.

నాటుకోడి తొడ... బాతు రొమ్ము

ఈ తేడా కూర వండేవారికి కంటికి కనిపించేదే. నాటుకోడి రొమ్ము మాంసం తెల్లగా, తొడ మాంసం ముదురు రంగులో ఉంటుంది. కోడి రోజంతా నడుస్తుంది, రెక్కలను మాత్రం గోడెక్కడానికో, కుక్క తరిమినప్పుడో కొద్ది క్షణాలు వాడుతుంది. తొడలో ప్రాణవాయువును పట్టి ఉంచే మయోగ్లోబిన్, మైటోకాండ్రియా ఎక్కువ, అందుకే ఆ ఎరుపు. రొమ్ములో అవి తక్కువ. శీతాకాలంలో ఉత్తర దేశాల నుంచి కొల్లేటికి ఎగిరివచ్చే బాతుల్లో ఇది తిరగబడుతుంది. వేల కిలోమీటర్లు రెక్కలాడించే వాటి రొమ్ము కండరం ముదురు ఎరుపు.

మనిషి కండరాల్లో ఈ రెండు రకాల తంతువులూ కలగలిసి ఉంటాయి. పుట్టుకతో వచ్చే పాళ్లు ఒక్కొక్కరికి ఒక్కో విధంగా ఉంటాయి. అయితే తెల్ల తంతువులను సైతం శిక్షణతో ఓర్పు గలవాటిగా మలచుకోవచ్చు. 2002లో హార్వర్డ్‌కు అనుబంధమైన ప్రయోగశాలలో ఎలుకల కండరంలో పీజీసీ-1 ఆల్ఫాను పెంచగా, తెల్ల కండ ఎర్రబారి, త్వరగా అలసిపోని గుణం సంతరించుకుంది. పరుగు సాధన అదే పనిని సహజంగా, నెమ్మదిగా చేస్తుంది.

ఏ మార్పుకు ఎన్నాళ్లు?

మొదటి వారం: రక్తంలోని ప్లాస్మా పరిమాణం పెరుగుతుంది. గుండె ఒక్కో స్పందనకు ఎక్కువ రక్తాన్ని పంపుతుంది. చెమట త్వరగా పడుతుంది. ‘కొద్దిగా తేలికయింది’ అనిపించేది ఇందువల్లే. కండరంలో అసలు పని ఇంకా మొదలైన దశలోనే ఉంటుంది.

రెండు నుంచి నాలుగు వారాలు: దహనానికి తోడ్పడే ఎంజైములు పెరగడం మొదలవుతుంది. అదే వేగానికి లాక్టేట్ తగ్గుతుంది, మాట్లాడుతూ పరుగెత్తగలుగుతారు.

ఆరు నుంచి ఎనిమిది వారాలు: మైటోకాండ్రియా గణనీయంగా పెరుగుతాయి. కొవ్వు వినియోగం హెచ్చుతుంది. గడియారంలో తేడా స్పష్టంగా కనిపించే దశ ఇది.

మూడు నెలలు, ఆపైన: కేశనాళికల అల్లిక చిక్కబడుతుంది, గ్లైకోజెన్ గాదె నిండుగా ఉంటుంది. ఏళ్ల తరబడి కొనసాగిస్తే తంతువుల స్వభావమే మారుతుంది.

ఇందులో ఒక చిక్కుంది. కండరం కంటే స్నాయువులు, ఎముకలు మరింత నెమ్మదిగా బలపడతాయి. నాలుగో వారంలో ఊపిరి అందుతున్నదని ఉత్సాహపడి దూరాన్ని ఒక్కసారిగా రెట్టింపు చేసేవారికి మోకాలి కింది ఎముక ముందు భాగంలో నొప్పి మొదలవుతుంది. సిమెంటు రోడ్డుపై, అరిగిన చెప్పులతో పరుగెడితే అది సన్నని పగుళ్లకు దారితీస్తుంది. ఆశించిన ఉద్యోగం ఆ పగులుతోనే చేజారిన సందర్భాలు ఉంటాయి.

ఆపితే ఏమవుతుంది?

ఈ ప్రశ్నకు మన రాష్ట్ర అభ్యర్థులు అనుభవంతో సమాధానం చెప్పగలరు. 6,100 కానిస్టేబుల్ పోస్టులకు 2022 నవంబరులో ప్రకటన వెలువడింది. ప్రాథమిక రాత పరీక్ష 2023 జనవరి 22న జరిగింది. అందులో అర్హత పొందిన సుమారు 95 వేల మందికి దేహదారుఢ్య పరీక్షలు వాయిదాలు పడుతూ వచ్చి, చివరకు 2024 డిసెంబరు 30న మొదలయ్యాయి. దాదాపు రెండేళ్ల విరామం! పరుగు మొదలుపెట్టి, ఆపి, మళ్లీ మొదలుపెట్టినవారు అనేకులు.

సాధన ఆపితే తగ్గుదల రెండు మూడు వారాల్లోనే మొదలవుతుంది. ఏళ్ల తరబడి శిక్షణ పొందిన క్రీడాకారులు 84 రోజులు విశ్రాంతి తీసుకుంటే ఏమవుతుందో 1984లో అమెరికా పరిశోధకుడు ఎడ్వర్డ్ కోయిల్ బృందం పరిశీలించింది. దేహం గరిష్ఠంగా వాడుకోగల ప్రాణవాయువు తొలి మూడు వారాల్లో 7 శాతం, ఆఖరుకు 16 శాతం తగ్గింది. ముందు తగ్గేది రక్త పరిమాణం, తర్వాత మైటోకాండ్రియా ఎంజైములు. ఆశాజనకమైన విషయం ఏమంటే, వారి కేశనాళికలు చెక్కుచెదరలేదు. ఎంజైములు సైతం ఎన్నడూ పరుగెత్తనివారి కంటే హెచ్చుగానే నిలిచాయి. ఏళ్ల కష్టం పూర్తిగా నీటిపాలు కాదు. నాలుగు వారాల ముచ్చటగా తెచ్చుకున్న దమ్ము మాత్రం వచ్చినంత త్వరగానే పోతుంది.

1966లో అమెరికాలోని డల్లాస్‌లో ఐదుగురు యువకులను మూడు వారాలు మంచానికే పరిమితం చేసి పరీక్షించారు. వారి ప్రాణవాయు సామర్థ్యం నాలుగో వంతుకు పైగా పడిపోయింది. ముప్పై ఏళ్ల తర్వాత, యాభై ఏళ్ల వయసులో వారినే మళ్లీ పరీక్షిస్తే, ముప్పై ఏళ్ల వయోభారం చేసిన నష్టం కంటే ఆ మూడు వారాల మంచం చేసిన నష్టమే ఎక్కువని తేలింది. ఆరు నెలల క్రమబద్ధమైన వ్యాయామంతో ఆ యాభై ఏళ్లవారు తమ యవ్వనం నాటి సామర్థ్యాన్ని దాదాపు తిరిగి పొందారు.

వాయిదా పడినంత కాలం పూర్తి సాధన చేయడం కూలి పనికి, కోచింగ్‌కు వెళ్లేవారికి సాధ్యపడదు. అవసరం కూడా లేదు. వారానికి రెండు మూడు రోజులు, తక్కువ దూరమైనా కాస్త వేగంగా పరుగెత్తితే వచ్చిన మార్పులో అధిక భాగాన్ని నెలల పాటు నిలుపుకోవచ్చు.

ఎండ, రక్తహీనత... రెండు శత్రువులు

బెజవాడ ఎండలు తెలియనివి కావు. వేడిలో దేహం చల్లబడటానికి చర్మానికి రక్తాన్ని మళ్లిస్తుంది. కండరానికి అందే వాటా తగ్గి, గ్లైకోజెన్ త్వరగా కరుగుతుంది. డెల్టా గాలిలో తేమ ఎక్కువ కావడంతో చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. ఎండకు దేహం అలవాటుపడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. సంయుక్త రాష్ట్రంలో 5 కిలోమీటర్ల పరుగు ఉన్న రోజుల్లో అభ్యర్థులు కుప్పకూలిన, ప్రాణాలు కోల్పోయిన ఘటనలు మరువరానివి. పరుగులో ఛాతీనొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం వంటివి ఎదురైనవారు, కుటుంబంలో చిన్న వయసులో హఠాన్మరణాలు ఉన్నవారు సాధనకు ముందే ఈసీజీ తీయించుకుని వైద్యుని సలహా పొందాలి. తీవ్రమైన సాధన తర్వాత మూత్రం కాఫీ డికాక్షన్ రంగులోకి మారితే కండరం దెబ్బతిన్నట్లు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

రక్తహీనత మరో అడ్డంకి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్‌కే కాదు, మైటోకాండ్రియాలోని ఎంజైములకూ ఇనుము కావాలి. నెలల తరబడి పరుగెత్తినా సమయం మెరుగుపడని యువతులు తమను తాము నిందించుకోవడానికి ముందు రక్తపరీక్ష చేయించుకోవడం మంచిది.

జిమ్‌ల పక్కన డబ్బాల్లో అమ్మే క్రియాటిన్ పొడి గురించి అడిగేవారూ ఉన్నారు. సుబ్బారావు గుర్తించిన ఫాస్ఫోక్రియాటిన్‌ను ఇది కొంత పెంచుతుందని 1992లో స్వీడన్‌లో హారిస్, హల్ట్‌మన్ బృందం చూపింది. క్షణాల్లో ముగిసే పనులకు దీని ఉపయోగం ఉండవచ్చు. నాలుగు చుట్ల పరుగుకు దీనితో ఒరిగేది స్వల్పం. కండరంలో నీరు చేరి బరువు పెరగడం అదనం.

ఉద్యోగార్థులకే కాదు

ఈ మార్పులు కుర్రకారుకే పరిమితం కావు. మూడు పూటలా అన్నం తినే మన ప్రాంతంలో మధుమేహం ఇంటింటి మాటగా మారింది. భోజనం తర్వాత రక్తంలోకి వచ్చే గ్లూకోజ్‌ను పెద్ద మొత్తంలో తీసుకునేది కండరాలే. కదలిక లేని కండరంలో గ్లైకోజెన్ గాదె ఎప్పుడూ నిండే ఉంటుంది, కొత్త గ్లూకోజ్‌కు చోటుండదు. నడిస్తే గాదె కొంత ఖాళీ అవుతుంది. గ్లూకోజ్‌ను లోపలికి తెచ్చే గ్లూట్-4 అనే ద్వారాలు ఇన్సులిన్ సాయం లేకుండానే తెరుచుకుంటాయి. ఈ ఫలితం ఒకటి రెండు రోజులు నిలుస్తుంది. అందుకే మధుమేహులు వరుసగా రెండు రోజులు నడక మానరాదని వైద్యులు చెబుతారు. వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం పెద్దలందరికీ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు పేర్కొంటున్నాయి. ఇన్సులిన్, చక్కెర తగ్గించే మాత్రలు వాడేవారు వ్యాయామం పెంచే ముందు వైద్యుని సంప్రదించాలి.

గుర్తుంచుకోండి

* పరీక్షకు కనీసం 12 వారాల ముందే సాధన మొదలుపెట్టాలి. మొదటి రెండు వారాలు నడక, పరుగు కలిపి చేయాలి.
* వారంలో ఐదు రోజుల సాధనలో మూడు నాలుగు రోజులు పక్కవారితో మాట్లాడగలిగే వేగంతోనే పరుగెత్తాలి. కొలుములు పెరిగేది ఈ నెమ్మది పరుగుతోనే.
* ఆరో వారం నుంచి వారానికి ఒకటి రెండు రోజులు 400 మీటర్లను పరీక్ష వేగంతో నాలుగైదు సార్లు, మధ్యలో రెండు మూడు నిమిషాల విరామంతో పరుగెత్తాలి.
* వారం వారం దూరాన్ని కొద్దికొద్దిగానే పెంచాలి. మట్టి నేల, పచ్చిక మేలు. వారానికి ఒక రోజు పూర్తి విశ్రాంతి తప్పనిసరి.
* పరుగు ముగిసిన గంటలోపు అన్నం, ఇడ్లీ వంటి పిండిపదార్థంతో పాటు పప్పు, గుడ్డు, పాలలో ఏదో ఒకటి తీసుకుంటే గాదె తిరిగి నిండుతుంది. మజ్జిగలో ఉప్పు వేసి తాగితే చెమటలో పోయిన లవణాలు చేరతాయి.
* చివరి వారంలో సాధన సగానికి తగ్గించాలి. చివరి మూడు రోజుల్లో చేసే తీవ్రమైన పరుగు దమ్మును పెంచదు, కాళ్లను అలసటకు గురిచేస్తుంది.
* జ్వరం ఉన్నప్పుడు, తగ్గిన వెంటనే పరుగెత్తరాదు. గుండె కండరానికి ప్రమాదం.

నారు పోసిన మర్నాడే కోతకు కొడవలి పట్టే రైతు డెల్టాలో ఉండడు. ప్రకటన కోసం ఎదురుచూడకుండా ఈ ఉదయమే గట్టెక్కి నెమ్మదిగా నాలుగు అడుగులు పరుగెత్తినవారికి, పన్నెండు వారాల తర్వాత నాలుగో చుట్టు అంత దూరమనిపించదు.